నాలుగు గుండెలకూ ఒకే జబ్బు

“పెట్టేయ్ సంతకం. ఒక గీత గీస్తే తెమిలిపోయేదానికి నిన్నటి నుంచి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు మెకానిక్కు, చొక్కా అయినా విప్పకుండా కుర్చీలో కూలబడుతూ.

భార్య బల్ల వంకే చూస్తోంది. బల్ల మీద స్కూలు వాళ్ళు పంపిన కాగితం ఉంది. చదివింది ఇద్దరే అయినా ఊరంతా చదివినట్టు నలిగిపోయింది.

టీవీలో ఆదివారం మధ్యాహ్నం సినిమా నడుస్తోంది. సౌండు తీసేశారు. నీలం ముసుగు వేసుకున్న బలశాలి ఒకడు ఆకాశంలోంచి దూకి, ఒక మేడని భుజంతో గుద్ది, పక్క మేడలోంచి బయటికొచ్చాడు. రెండు మేడలూ కుప్పకూలాయి. వేరే ఆదివారం అయితే ఈపాటికి తల్లీ కూతుళ్ళు ఒకే దిండుకి తలలాన్చి, “ఆ కూలిన సిమెంటంతా ఎవరెత్తుతారే?” అని తల్లీ, “అమ్మా, నీకు విలన్ కంటే చెత్తే ముఖ్యం” అని కూతురూ కొట్టుకుంటూ ఉండేవాళ్ళు.

ఇవాళ దిండు గోడవారన పడి ఉంది. కూతురు వెనక బాల్కనీలో, బట్టల టబ్బు పక్కన, ఇంట్లోకి వీపు తిప్పి కూర్చుంది.

“అన్నం తిందా?” అన్నాడు మెకానిక్కు.

“తినలేదు.”

“నువ్వు?”

“నాకు అన్నం చూస్తేనే వాంతి వస్తోంది.”

ఆమెని షాపులో అందరూ జిగురమ్మ అంటారు. పెద్ద స్టేషనరీ షాపు అది. ముందు గదిలో పుస్తకాలు, పెన్నులు. వెనక గదిలో ఆమె. పిల్లల స్కూలు ప్రాజెక్టులన్నీ ఆ వెనక గదిలోనే పుడతాయి. అగ్నిపర్వతం కావాలన్నా, సౌరకుటుంబం కావాలన్నా, నీటి చక్రం కావాలన్నా, ముందు గదిలో చీటీ ఇచ్చి వెళితే మూడో రోజుకి తయారు. పదేళ్ళ నుంచి ఆమె గోళ్ళ సందుల్లో తెల్ల జిగురు ఎండిపోయి ఉంటుంది. ఎంత తోమినా పోదు. పదేళ్ళలో ఆమె చేతిలో పుట్టిన బొమ్మలకి ఎన్నెన్ని బహుమతులు వచ్చాయో! ఒక్కటీ ఆమెది కాదు. అన్నీ ఎవరి పిల్లలవో.

కూతురు విషయంలో మాత్రం ఆమె ఒక పంతం పట్టింది. “నీ ప్రాజెక్టు నువ్వే చేసుకోవాలి. నేను వేలు కూడా పెట్టను. అడిగితే చెప్తాను, అంతే.” పిడుగు చేసుకుంది. ఆ పిల్లని పుట్టినప్పటి నుంచి అందరూ పిలిచేది పిడుగనే. పదకొండేళ్ళు. ఆరో తరగతి. పాత పేపర్లు నానబెట్టి గుజ్జు చేసి, సీసా మూతలు కవాటాలుగా పెట్టి, బెలూను నొక్కితే ఎర్రనీళ్ళు స్ట్రాల్లోంచి పరిగెత్తేలా గుండె చేసింది. వంకరగా ఉంది. ఒక పక్క కారుతుంది కూడా. కానీ కొట్టుకుంటుంది.

గుండె కింది గది పేరు రాసేటప్పుడు తల్లిని అడిగింది ఒకే ఒక్క మాట.

“అమ్మా, జఠరికలో ఏ ట రాయాలి?”

“మామూలు ట” అంది తల్లి, కత్తిరించే అట్ట మీంచి తలెత్తకుండా.

మామూలు ట కాదు. గుండ్రంగా ఉండి లోపల చుక్క పెట్టుకునే ఠ. పుస్తకంలో అలాగే ఉంది. కానీ ఎప్పుడో ఎవరో ఫోన్లో చెబుతుంటే చెవితో విని రాసుకున్నది జిగురమ్మ. అప్పటినుంచి చేసిన ప్రతి గుండె మీదా ‘జటరిక’ అనే రాసింది. ఏ తల్లీ చూడలేదు, ఏ మేడమూ దిద్దలేదు. దిద్దాలంటే ముందు చదవాలి కదా.

శనివారం స్కూల్లో ప్రదర్శన జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మాత్రం చదివాడు. ఆరో తరగతి బల్ల మీద నాలుగు గుండెలుంటే నాలుగింటి మీదా జటరిక. ఆయన పకపకా నవ్వి, “ఏంటి మేడమ్, నాలుగు గుండెలకూ ఒకే జబ్బు?” అన్నాడు.

సైన్సు మేడమ్ మొహం మాడిపోయింది. నాలుగింటిలో ఒకదానికి అప్పటికే మొదటి బహుమతి చీటీ అంటించి ఉంది. అది క్లాసు లీడరు పిల్లది. వాళ్ళ నాన్న స్కూలు కమిటీలో ఉన్నాడు. రెండోది డాక్టరు గారి పిల్లది, మూడోది బిల్డరు గారి పిల్లది. నాలుగోది లిఫ్టు మెకానిక్కు కూతురిది. దోషి ఎవరో తేల్చడానికి మేడమ్‌కి ఎంతసేపు పట్టి ఉంటుంది?

సాయంత్రానికి కాగితం ఇంటికొచ్చింది. పిడుగు షాపు నుంచి గుండె తెచ్చి సొంతంగా చేశానని మోసం చేసిందట. దాన్ని చూసి ముగ్గురు అమాయకులు భాగాల పేర్లు తప్పు రాసుకున్నారట. సోమవారం అసెంబ్లీలో, అందరి ముందూ, మైకులో ఆ సంగతి ఒప్పుకోవాలట. తల్లిదండ్రులు క్షమాపణ మీద సంతకం పెట్టాలట.

“మైకులో” అంది జిగురమ్మ, ఆ మాటొక్కటే పట్టుకుని. “ఎనిమిది వందల మంది పిల్లల ముందు నేను దొంగనని చెప్పుకోవాలట ఇది. నువ్వేమో గీత గియ్యమంటున్నావు.”

“పిల్లలు వారంలో మర్చిపోతారు.”

“నీకు గుర్తులేవా ఆరో తరగతిలో నిన్నన్న మాటలు?”

మెకానిక్కు కాసేపు టీవీ వంక చూశాడు. “చూడు, నేను రోజూ మనుషుల్ని పైకీ కిందకీ మోసే డబ్బాలు బాగుచేస్తాను. మధ్యలో ఇరుక్కుంటే ఎట్లా అరుస్తారో నాకు తెలుసు. తలుపు తెరుచుకున్నాక ఒక్కడూ వెనక్కి తిరిగి చూడడు. ఇదీ అంతే. తెరిపించి బయటపడదాం.”

“బయటపడేది మనం కాదు. ఆ మేడమ్.”

“అయితే వెళ్ళి చెప్పు మరి. ఆ మూడూ నేనే చేశానని చెప్పు.”

ఆ మాట గదిలో పడి అక్కడే కూర్చుంది. ఇద్దరూ దాని వంక చూడలేదు. చెబితే షాపులో పని పోతుంది. అంతేనా, ఈ చుట్టుపక్కల ఏ షాపు వాడూ ఆమెని గడప తొక్కనివ్వడు. నోరు మూసుకుని ఉండటం కూడా ఆ పనిలో భాగమే.

“ఆ మేడమే” అంది జిగురమ్మ నెమ్మదిగా, పళ్ళ మధ్య నుంచి, “క్లాసులో ‘పిల్లలూ, స్వయంగా చేయాలి’ అని పాఠం చెబుతుంది. గేటు దగ్గర తల్లుల్ని పక్కకి పిలిచి ‘ఆ షాపులో అయితే నీటుగా చేసిస్తారండీ’ అంటుంది. చీటీ తనే రాసిస్తుంది. ‘గుండె మూడు, శుక్రవారానికి.’ ఆ చేతిరాత నా కంటికి తెలుసు. ఛీ! దీని కంటే మురిక్కాలవ నయం. కంపు కొడుతున్నానని అదే చెప్పేస్తుంది.”

మెకానిక్కు లేచి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. అతని మౌనం ఎప్పుడూ ఇంతే. ఓడిపోయినట్టూ ఉంటుంది, వదిలేసినట్టూ ఉంటుంది.

జిగురమ్మ బాల్కనీలోకి వెళ్ళి టబ్బు అంచు మీద కూర్చుంది.

“సినిమా అయిపోతోందే.”

“చూసిందే.”

“వాడు ఆ మేడలు కూల్చేశాక పక్కింటి వాళ్ళు కేసు పెట్టరా?”

పిడుగు నవ్వలేదు. గోడ మీద తడి ఆరిన మరక వంక చూస్తూ, “అమ్మా, ఆ మూడూ నువ్వే చేశావు కదూ?” అంది.

జిగురమ్మ టబ్బు అంచు పట్టుకుంది. షాపులో ఏం చేస్తుందో కూతురికి తెలుసు గానీ, ఏది ఎవరికి చేస్తుందో ఎప్పుడూ చెప్పలేదు.

“ఎవరు చెప్పారు?”

“ట చెప్పింది. శుక్రవారం పొద్దున బల్ల మీద పెట్టినప్పుడే చూశాను. అంచులకి గుడ్డ పట్టీ అంటించావు కూడా, నాకు నేర్పినట్టే.”

“మరి... మేడమ్ అంతలా తిడుతుంటే చెప్పలేదే? మా అమ్మే చేసిందని ఒక్క మాట అంటే సరిపోయేది కదే!”

పిడుగు మొదటిసారి మొహం ఇటు తిప్పింది. ఇంత తెలివితక్కువ ప్రశ్న అడుగుతావా అన్నట్టు చూసింది.

“ముసుగు ఎవరిదో తెలిసినా చెప్పకూడదు కదమ్మా. అన్ని సినిమాల్లోనూ అంతే. చెప్తే వాళ్ళింట్లో వాళ్ళకి ప్రమాదం.”

జిగురమ్మకి ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. ఆదివారం ఆదివారం పక్కన కూర్చుని, నవ్వుతూ, పిల్లకి నేర్పింది ఇదా? మంచివాళ్ళు మొహం దాచుకుంటారని, వాళ్ళ కోసం నువ్వు నోరు కుట్టుకోవాలని! ఆ ముసుగుల వాళ్ళు లోకాన్ని కాపాడటానికి దాక్కుంటారు. తను దేనికి దాక్కుంది? డాక్టరు గారి పిల్ల చేతికి జిగురంటకుండా ఉండటానికి.

“ఒకటి అడగనా?” అంది పిడుగు.

“అడుగు.”

“వాళ్ళకి అంత బాగా చేసిచ్చావు. నాకెందుకు చేయలేదు?”

“నువ్వు చేయగలవు కనక.”

“ఊఁ” అంది పిల్ల. ఆ ‘ఊఁ’ ఒప్పుకున్నట్టు లేదు, కాదన్నట్టూ లేదు. మళ్ళీ గోడ వైపు తిరిగింది.

* * *

సోమవారం పొద్దున్నే స్కూలుకి వెళ్ళేముందు జిగురమ్మ షాపు మెట్లెక్కింది. పిడుగు మెట్ల దగ్గర బ్యాగు తగిలించుకుని నిలబడింది.

ఓనరు అప్పుడే షట్టరు ఎత్తి అగరుబత్తి వెలిగిస్తున్నాడు. ఆమెని చూసి పుల్ల ఆర్పాడు.

“నువ్వొస్తావని తెలుసు. మేడమ్ నిన్ననే ఫోన్ చేసింది.”

“చీటీలు కావాలి సార్. ఆ మూడు గుండెలవి.”

“ఏ చీటీలు?”

వెనక గదిలో ఇనుప ఊచకి చీటీలు గుచ్చి ఉంటాయి, ఏడాదివి, గుత్తుగా. జిగురమ్మ తొంగి చూసింది. ఊచ బోసిగా నిలబడి ఉంది.

“బూజు దులిపాను” అన్నాడు ఓనరు, ఆమె మొహంలోకి చూడకుండా. “అమ్మా, నీ చెయ్యి బంగారం. కాదనను. కానీ ఆ చెయ్యి ఈ గదిలో ఉంటేనే బంగారం. అక్కడికెళ్ళి నువ్వేమన్నా మాట్లాడితే సాయంత్రం ఇటు రావాల్సిన పని లేదు. మీ పిల్లకి కాస్త నచ్చజెప్పు. చిన్నపిల్ల, పోయేదేముంది?”

“మీ పిల్లనయితే నిలబెడతారా మైకు ముందు?”

“మా పిల్ల ఇట్లా అడ్డగోలుగా తప్పు రాయదు” అన్నాడాయన, జోకు వేసినట్టు.

జిగురమ్మ ఆయన వంక చూసింది. పదేళ్ళు ఇతని గాలి పీల్చానా అనిపించింది. మెట్లు దిగి కూతురి చెయ్యి పట్టుకుంది.

* * *

హెడ్మాస్టరు గదిలో బల్ల మీద నాలుగు గుండెలూ వరసగా పెట్టి ఉన్నాయి. మూడు నున్నగా, నిగనిగలాడుతూ, పెళ్ళికి ముస్తాబైనట్టున్నాయి. నాలుగోది కాస్త పక్కకి ఒరిగి, ప్లేటులో ఎర్రనీళ్ళు కార్చుకుంటోంది.

“రామ్మా” అంది సైన్సు మేడమ్. కుర్చీ చూపించలేదు. “కాగితం తెచ్చావా?”

లీడరు పిల్ల తల్లి మొన్న వచ్చినప్పుడు ఈమే ‘మీరు కూర్చోండి మేడమ్’ అందని పిడుగు చెప్పింది. జిగురమ్మ తనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“తెచ్చాను. సంతకం పెట్టలేదు.”

హెడ్మాస్టరు పెద్దాయన. రెండేళ్ళలో రిటైరవుతాడు. ఏ గొడవైనా బెల్లు కొట్టేలోపు తేలిపోతే చాలనుకునే రకం. “ఎందుకమ్మా పెద్దది చేసుకుంటారు? అసెంబ్లీ టైమవుతోంది” అన్నాడు.

“మా పిల్ల గుండె మా పిల్లే చేసింది సార్.” జిగురమ్మ బల్ల మీది మూడు నున్నటి గుండెల్నీ చూపించింది. “ఈ మూడూ చేసింది నేను.”

హెడ్మాస్టరు ఆ మూడింటి మీదకీ వంగి చూశాడు.

“షాపు వెనక గదిలో, ఈ చేతులతో. థర్మకోల్‌ని వేడి తీగతో కోసి, పైన పేపరంటించి, రంగు కొట్టాను. కావాలంటే విప్పి చూడండి. లోపల మా షాపు బిల్లు పుస్తకం కాగితాలే ఉంటాయి. జటరిక అని తప్పు రాసింది నేను. పిల్ల అడిగితే తప్పు చెప్పింది కూడా నేనే. తల్లిని నమ్మి రాసింది. అదీ దాని నేరం. ఆర్డరు ఎవరు పంపారో మేడమ్‌ని అడగండి.”

చెప్పేసింది. పదేళ్ళుగా గొంతులో గడ్డకట్టిన జిగురు ఊడి వచ్చినట్టయింది. పని పోయింది, తెలుసు. పోనీ. పక్కన పిడుగు చెయ్యి తన చేతిలో చల్లగా ఉంది. ఆ చెయ్యిని నొక్కింది.

సైన్సు మేడమ్ కంగారుపడలేదు. తాపీగా కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“విన్నారా సార్? నేనెవరికీ ఏ ఆర్డరూ పంపలేదు, ఉంటే చూపించమనండి. కానీ ఆవిడే ఒప్పుకుంది కదా, ప్రాజెక్టులు చేసి అమ్ముతానని. ఎవరెవరి పిల్లలకో చేసిచ్చే మనిషి...” ఆగి, చిన్నగా నవ్వింది, “...సొంత కూతురికి చేసివ్వకుండా ఉంటుందా?”

జిగురమ్మ పిడుగు వంక చూసింది.

తను నిజం చెప్పింది. ఆ నిజాన్నే తీసుకుని, తాడు పేని, పిల్ల మెడకి వేసింది ఆ మనిషి. అదీ నవ్వుతూ, సెంటు వాసన కొడుతూ, లెసన్ ప్లాన్ పక్కన పెట్టుకుని. ఇట్లాంటి వాళ్ళ చేతికి రోజూ పొద్దున్నే జడలేసి, టిఫిను కట్టి, పిల్లల్ని పంపుతున్నాం!

“పోనీ పరీక్ష పెట్టండి సార్!” అంది జిగురమ్మ, లేచి నిలబడి. “నాలుగు గుండెల పిల్లల్నీ పిలవండి. అట్టలు, జిగురు, పాత పేపర్లు ఇవ్వండి. నన్ను గేటు బయట నిలబెట్టండి. ఎవరు చేయగలరో వాళ్ళే చేస్తారు. ఎవరికి రాదో మొహాలు చెబుతాయి.”

మేడమ్ నవ్వు మొదటిసారి సగంలో ఆగింది. “సార్, పెద్దవాళ్ళ పిల్లల్ని అట్లా...” అని మొదలుపెట్టింది.

హెడ్మాస్టరు చెయ్యెత్తి ఆపాడు. ఎందుకో ఆయనకి ఆ మాట నచ్చినట్టుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ ఆయన్ని ఇంత సూటిగా ఏదీ అడిగి ఉండరు. “మిగతా వాళ్ళ సంగతి తర్వాత. ముందు ఈ పాపని చెప్పనివ్వండి. ఏమ్మా, ఇక్కడ, నా ఎదురుగా చేసి చూపిస్తావా?”

“చేస్తుంది సార్” అంది జిగురమ్మ.

“చేయను” అంది పిడుగు.

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. “చూశారా సార్?”

“ఏంటే!” జిగురమ్మ వంగి కూతురి భుజాలు పట్టుకుంది. “నీకొచ్చు కదే! భయమేస్తోందా? నేనున్నాను.”

“భయం కాదు.” పిల్ల గొంతు పొడిగా ఉంది. “అమ్మ నిజం చెప్తే దాన్ని నా మీదకే తిప్పారు. ఇప్పుడు నేను చేస్తే, ఇంటి దగ్గర నేర్పించి తీసుకొచ్చారంటారు. ఇంకోటి చేయమంటారు. అదీ చేస్తే ఇంకోటంటారు. నేను చేయను.”

హెడ్మాస్టరు నుదురు రుద్దుకున్నాడు. “అట్లా మొండికేస్తే నేనేం నమ్మాలమ్మా?”

జిగురమ్మ భుజాలు వదల్లేదు. కానీ ఆమె లోపల ఏదో చల్లగా కదిలింది. బుధవారం, గురువారం సాయంత్రాలు తను ఇంట్లో లేదు. షాపులోనే ఉంది, ఈ మూడు గుండెలకి రంగులేస్తూ. బుధవారం వెళ్ళేటప్పటికి బల్ల మీద గుజ్జు ముద్ద ఉంది. గురువారం తిరిగొచ్చేటప్పటికి గుండె తయారై కూర్చుంది. బెలూను, స్ట్రాలు, మూతలు, అన్నీ అమర్చి ఉన్నాయి. ఎంత బాగా చేశావే అని ముద్దు పెట్టుకుంది గానీ, చేస్తుంటే చూసిందా? పక్కింట్లో కాలేజీ పిల్ల ఉంది. ఈ మధ్య రోజూ వస్తోంది...

ఛీ, అని తనని తనే చీదరించుకుంది. ఆ అనుమానం ఉన్నది అర క్షణం. అంతకంటే లేదు. మేడమ్‌కి కనపడలేదు, హెడ్మాస్టరుకి కనపడలేదు.

పదకొండేళ్ళుగా ఆ ఒక్క మొహాన్నే చదువుతూ పెరిగిన పిల్లకి కనపడింది.

పిడుగు భుజం మీంచి తల్లి చేతిని తీసి పక్కన పెట్టింది. విసిరికొట్టలేదు. నెమ్మదిగా, పుస్తకం మూసినట్టు.

“అడుగమ్మా” అంది. “నువ్వు కూడా అడుగు.”

జిగురమ్మ మళ్ళీ ఆ భుజం అందుకోబోయింది.

బయట బెల్లు కొట్టారు. వందల చెప్పుల చప్పుడు గ్రౌండు వైపు పరిగెత్తింది. పిడుగు బ్యాగు తీసి కుర్చీలో పెట్టి, యూనిఫాం మడతలు సవరించుకుని, ఎవరి వంకా చూడకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

“పోనివ్వమ్మా, తనే ఒప్పుకునేలా ఉంది” అన్నాడు హెడ్మాస్టరు, కాగితం మీద పెన్ను పెట్టి ముందుకు తోస్తూ. “నువ్విక్కడ సంతకం పెట్టు.”

కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తోంది. వరసల మధ్య నుంచి ఒక చిన్న తల స్టేజీ వైపు వెళుతోంది. పిల్లలు గుసగుసలాడుతూ తప్పుకుని దారి ఇస్తున్నారు. మెట్లెక్కింది. మైకు తన ఎత్తుకి అందకపోతే, రెండు చేతులతో పట్టుకుని కిందికి వంచింది.

చేయని తప్పు ఒప్పుకోబోతోందేమోనని జిగురమ్మ, కాగితం అక్కడే వదిలేసి, కుర్చీని తన్నేసి తలుపు వైపు పరిగెత్తింది.

మైకు కీచుమని అరిచింది. పిడుగు గొంతు సవరించుకోవడం స్కూలంతా వినబడింది.